బండి షెడ్డులో, ఈఎంఐ ఇంట్లో

ప్రశ్న: మాది కడప. బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉంటూ ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. చేతికొచ్చే జీతం 46,000. ఎనిమిది నెలల కిందట లోన్ మీద బైక్ కొన్నాను, ఈఎంఐ 5,900. ఇంజిన్‌లో ఏదో శబ్దం వస్తోందని సర్వీస్ సెంటర్‌లో ఇస్తే వారంటీలో చేస్తామన్నారు. 52 రోజులైంది. ఎప్పుడడిగినా ‘పార్టు రావాలి’ అంటున్నారు. అంత అర్జెంటైతే 18,500 కట్టి చేయించుకోండి, తర్వాత క్లెయిమ్ చేద్దాం అని ఒకసారి అన్నారు. ఈలోగా 21 రోజులు ఆటోలో తిరిగితే క్రెడిట్ కార్డు బాకీ 13,600 దాటింది. మినిమమ్ కడుతున్నాను. ఎఫ్‌డీలో 80,000 ఉంది గానీ కదిలించాలని లేదు. బండి వచ్చేదాకా ఈఎంఐ ఆపేయనా? లేక పర్సనల్ లోన్ తీసుకుని 45,000 పెట్టి పాత స్కూటర్ కొనుక్కోనా?

జవాబు: ఈఎంఐ మాత్రం ఆపకండి. ముందు ఈ మాట చెప్పేశాక మిగతాది మాట్లాడుకుందాం.

మీ కోపం న్యాయమైనదే. వాడని బండికి నెలనెలా డబ్బు కట్టడం ఎవరికైనా కడుపుమంటే. కానీ ఆ డబ్బు వెళ్లేది బండి బాగుచేయాల్సిన వాళ్లకు కాదు. మీకు అప్పిచ్చినవాళ్లు షోరూమ్‌కి డబ్బు ఎప్పుడో కట్టేశారు. వారంటీ సంగతి మీకూ కంపెనీకీ మధ్యది, లోన్ సంగతి మీకూ ఫైనాన్స్ వాళ్లకూ మధ్యది. ఈఎంఐ ఆపితే సర్వీస్ సెంటర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీకు మాత్రం బ్యాంకులో బౌన్స్ చార్జీ, ఫైనాన్స్ వాళ్ల పెనాల్టీ, అప్పులెలా కట్టారో చూపే సిబిల్ రికార్డులో మచ్చ. నాలుగేళ్ల తర్వాత ఇంటి లోన్‌కి వెళ్తే, ఆ నెల ఎందుకు కట్టలేదని అడుగుతారే గానీ పార్టు రాలేదన్న కథ ఎవరూ వినరు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది బండి కాదు, ‘మినిమమ్ కడుతున్నాను’ అన్న మాట. కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 13,600కి దాదాపు 475, దాని మీద జీఎస్టీ 18 శాతం. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంత కాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏడాదికి 42 శాతం అక్కడ పోగొట్టుకుంటూ ఆరేడు శాతం ఇచ్చే ఎఫ్‌డీని కాపాడుకోవడంలో అర్థం లేదు. ఇలాంటి అవసరానికే కదా ఆ డబ్బు దాచుకున్నది! అందులోంచి 14,000 తీసి ఈ వారమే కార్డు పూర్తిగా కట్టేయండి. కొంత భాగమే తీసుకునే వీలుందేమో బ్యాంకులో అడగండి. లేకపోతే మొత్తం విడగొట్టి, మిగిలింది మళ్లీ వేసుకోండి.

ఇప్పుడు మీ బండి లేని రోజు ఖరీదెంతో చూద్దాం. బెంగళూరులో 2025 ఆగస్టు నుంచి ఆటో మీటరు మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆ తర్వాత కిలోమీటరుకు 18. మీ దూరం 18 కిలోమీటర్లు అనుకుంటే ఒక వైపు 324, రానూపోనూ 650 దాకా. బండి ఉంటే పెట్రోలుకు ఓ 95 అయ్యేది కాబట్టి అసలు నష్టం రోజుకు 555. అదే మారతహళ్లిలో 500డి బస్సెక్కి సిల్క్ బోర్డులో దిగి, 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్ మెట్రో ఎక్కితే నేరుగా ఎలక్ట్రానిక్ సిటీ. ఏసీ బస్సు, చివర్లో షేర్ ఆటో కలిపినా రానూపోనూ 220 వేసుకుందాం. పెట్రోలు పోను నష్టం 125. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఓ అరగంట ఎక్కువ పడుతుంది, ఒప్పుకుంటాను. ఆటో మానేస్తే రోజుకు 430 చొప్పున నెలకు 22 రోజులకు మిగిలేది 9,460. మీ ఈఎంఐ కట్టగా ఇంకా మూడున్నర వేలు చేతిలో ఉంటాయి.

ఆటోకి 555, బస్సుకి 125 అన్న ఈ రెండు అంకెలు పక్కన పెట్టుకుంటే మిగతా ప్రశ్నలు తేలిపోతాయి. 45,000 పర్సనల్ లోన్‌కి ఏడాది పాటు నెలకు నాలుగు వేలకు పైగా కట్టాలి. పేరు మార్పు, ఇన్సూరెన్స్, పాత బండి రిపేర్లు అదనం. మీ బైక్ మూడు వారాల్లో వచ్చేస్తే పీజీ ముందు రెండు బండ్లు, నెత్తిన రెండు అప్పులు. స్కూటర్ వద్దు.

18,500 సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మామూలుగా డీలర్ కంపెనీకి వారంటీ క్లెయిమ్ పెడతాడు, ఆమోదం రావాలి, పార్టు రావాలి. మీది ఎక్కడ ఆగింది? పార్టే లేకపోతే మీరు డబ్బు కట్టినంత మాత్రాన అది ఊడిపడదు. ఆమోదం దగ్గర ఆగితే, వాళ్లు తేల్చుకోవాల్సిన పనికి మీరెందుకు కట్టాలి? బస్సు లెక్కన 18,500 అంటే 148 ఆఫీసు రోజుల నష్టంతో సమానం. పైగా ఒకసారి డబ్బు కట్టి చేయించుకున్న రిపేరుగా బిల్లు పడితే, అది వారంటీ పనేనని నిరూపించే భారం మీ మీదికొస్తుంది. ‘తర్వాత క్లెయిమ్ చేద్దాం’ అన్నాయన ఆ ముక్క బిల్లు మీద రాసి సంతకం పెడతాడా, అడిగి చూడండి. బయట మెకానిక్‌తో ఇంజిన్ విప్పించడం అసలే వద్దు. మిగిలిన వారంటీ కూడా పోవచ్చు.

బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్‌లో రాసిచ్చిన కాగితం, అదే జాబ్ కార్డు, తీసి ఒకసారి చూడండి. కింద డెలివరీ తేదీ అని ఒక గడి ఉంటుంది. నేను చూసిన చాలా కార్డుల్లో అది ఖాళీగానో, అర్థం కాని గీతతోనో ఉంటుంది. మీరు చెప్పిన ఫిర్యాదు అందులో ‘ఇంజిన్ శబ్దం’ అని రాశారా, ‘జనరల్ చెకప్’ అని రాశారా? ఆ రెండు మాటల తేడా మీద మీ కేసు నిలబడుతుంది. దానికి ఇవాళే ఫొటో తీసుకోండి, సర్వీస్ బిల్లులకు కూడా. కొన్నేళ్ల కిందట నా స్కూటర్‌కి ఇలాగే జరిగితే, ఆర్నెల్లకు రసీదు తీసి చూస్తే తెల్లకాగితం. ఆ వేడికి అచ్చయ్యే కాగితం మీద అంకెలన్నీ ఎగిరిపోయాయి. అడగాల్సిన డబ్బు అక్కడే వదులుకున్నాను.

తర్వాత డీలర్‌కీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి ఒకే ఈమెయిల్ పెట్టండి. కౌంటర్ దగ్గర ‘నాళె బన్ని’ (రేపు రండి) అన్న మాటకు సాక్ష్యం ఉండదు, ఈమెయిల్‌కి ఉంటుంది. బండి ఇచ్చిన తేదీ, ఆ రోజు మీటరు రీడింగ్, మీరు వెళ్లిన, ఫోన్ చేసిన తేదీలు రాయండి. వారంటీ ఆమోదం వచ్చిందా, పార్టు ఏ తేదీన ఆర్డర్ పెట్టారు, నంబరెంత అని అడగండి. అప్పటిదాకా తాత్కాలికంగా బండి ఇమ్మనీ, పోయిన రోజులు వారంటీకి కలపమనీ అడగండి. ఇవ్వకపోవచ్చు, కానీ అడిగినట్టు కాగితం మీద ఉండాలి. 15 రోజులు గడువు పెట్టండి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే, అంటే బెంగళూరులోనే వేయొచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. డీలర్‌నీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. ఆటో ఖర్చు అడిగేటప్పుడు 21 రోజుల 13,650లోంచి పెట్రోలు 1,995 మీరే తీసేసి 11,655 చూపండి. నిజాయితీగా వేసిన లెక్కను కొట్టేయడం కష్టం. మూడు నుంచి అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా చాలా కేసులు అంతకంటే సాగుతాయి. కాబట్టి ఆ డబ్బు వస్తుందని ఇప్పటి నుంచే ఖర్చులు పెట్టుకోకండి.

ఇంకొకటి. మరో నాలుగు నెలల్లో మీ బండికే జరిగే నష్టానికి ఇచ్చే సొంత డ్యామేజీ ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి వస్తుంది. అప్పటికీ బండి షెడ్డులోనే ఉన్నా సరే, కట్టేయండి. అక్కడ దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే ఆదుకునేది అదే. గడువు దాటి 90 రోజులైతే, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది.

బండి వచ్చిందని ఫోన్ రాగానే ఆత్రంగా సంతకం పెట్టేయకండి. మీరే నడిపి శబ్దం పోయిందో లేదో వినండి, మీటరు రీడింగ్ పాత ఫొటోతో పోల్చండి. రెండు నెలలు కదలకుండా ఉన్న బండి కాబట్టి బ్యాటరీ, టైర్ల గాలి వాళ్ల చేతే చూపించండి. మార్చిన పార్టు పేరు, బండి లోపలికి వెళ్లిన తేదీ, బయటికి వచ్చిన తేదీ బిల్లులో పడాలి. ‘ఇక ఏ ఫిర్యాదూ లేదు’ అన్న వాక్యం ఎక్కడైనా ఉంటే, దాని పక్కన ‘ఆలస్యానికి పరిహారం పెండింగ్’ అని మీ చేత్తో రాసి, అప్పుడు సంతకం పెట్టండి.