ఎసిటోన్‌కి జిగురైందంటే ఆంబర్ కాదనేనా?

మీ ప్రశ్న: సూరత్ దగ్గరి లిగ్నైట్ గనిదని చెప్పి ఎవరో ఆంబర్ (శిలాజంగా మారిన చెట్టు జిగురు) అంటూ తేనెరంగు ముక్క ఇచ్చారు, ఎసిటోన్ చుక్క వేస్తే జిగురైంది, అంటే నకిలీయేనా? ఆ ఒక్క పరీక్షతో తేల్చేయకండి. ముఖ్యంగా గుజరాత్ ముక్క విషయంలో.

ఎసిటోన్ పరీక్ష బాల్టిక్ ఆంబర్‌కి బాగా పనికొస్తుంది. అందులోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా బిగుసుకుపోయాయి, చుక్క వేసినా చలించదు. కోపల్ (ఇంకా ముదిరి ఆంబర్ కాని చెట్టు జిగురు) అయితే వేలికి అంటుకుంటుంది. కానీ సూరత్ దగ్గరి వస్తాన్, తడ్కేశ్వర్ గనుల్లో దొరికే కాంబే ఆంబర్ 5 కోట్ల ఏళ్ల కిందటిదైనా టోలుయిన్‌లో, క్లోరోఫాంలో కరుగుతుంది. అది పాలీకాడినీన్ రకం, అణువుల మధ్య ముడులు తక్కువ. కరగడం, కరగకపోవడం వయసును బట్టే కాదు, చెట్టును బట్టి కూడా ఉంటుందన్నమాట. పరిశోధకులకు ఇది వరమైంది: ఆంబర్‌ని కరిగించి లోపలి పురుగును బయటకు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టగలుగుతున్నారు.

ఆ చెట్టు మనకు కొత్తదేమీ కాదు. కిరాణా కొట్లో దొరికే గుగ్గిలం సాల్ చెట్టుది. సాల్, తిరుమల కొండల్లోని జాలారి, కాంబే ఆంబర్ కార్చిన పాత చెట్లు అన్నీ డిప్టెరోకార్పేసి కుటుంబమే. (తుమ్మబంక వేరు, అది నీళ్లలో నానుతుంది. గుగ్గిలం నానదు.) అప్పటికి భారత భూభాగం ఆసియా వైపు జరుగుతూ ఉంది. అంతకుముందు అది చాలాకాలం ద్వీపంగా ఉంది కాబట్టి ఇక్కడి పురుగులు విడిగా, వింతగా ఉంటాయనుకున్నారు. 2010లో వెలువడిన అధ్యయనంలో చూస్తే వాటికి ఇతర ఖండాల్లో దగ్గరి బంధువులు కనిపించాయి.

ఇంట్లో చేయదగిన పరీక్షల్లో మొదటిది ఉప్పునీళ్లు. 250 మి.లీ. నీళ్లలో 50 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించండి, సాంద్రత 1.12 దాకా వస్తుంది. ఆంబర్ సాంద్రత సాధారణంగా 1.05 నుంచి 1.10, అందుకని తేలుతుంది. బేకలైట్, పాలిస్టర్, యాక్రిలిక్ మునుగుతాయి. రెండు చోట్ల మోసపోతారు: పాలీస్టైరీన్, కోపల్ కూడా తేలతాయి; పైరైటో (బరువైన ఇనుప ఖనిజం) మట్టో అతుక్కున్న అసలు ముక్క మునగొచ్చు. అయ్యాక మంచినీళ్లతో కడిగి తుడవండి. ఆంబర్‌ని తృణమణి (గడ్డిపోచను లాగే మణి) అన్నారు కదా అని రుద్ది కాగితం ముక్కల్ని లాగించి చూడటం దండగ, ప్లాస్టిక్ కూడా లాగుతుంది. కాల్చిన సూది గుచ్చితే ముక్క పాడవడమే మిగులుతుంది.

ఆ తర్వాత 10 రెట్ల భూతద్దం. పురుగు మరీ పెద్దగా, రెక్కలు చక్కగా పరుచుకుని, సరిగ్గా మధ్యలో ఉంటే అనుమానించాలి. అసలు ముక్కలో జిగురు పొరలు పొరలుగా కారిన గీతలు, చెత్త, విరిగిన కాళ్లు ఉంటాయి.

లోపల ఏదైనా కనిపిస్తే మెరుగు పెట్టొచ్చు. తడి సిలికాన్ కార్బైడ్ కాగితం మీద 800, 1200, 2000 నంబర్ల వరసలో, చేయి తేలిగ్గా ఆనించి, నీళ్లు ఆపకుండా రుద్దాలి. నీళ్లు తగ్గితే రాపిడి వేడికి పైపొర మెత్తబడి కాగితానికి పట్టేస్తుంది, పగుళ్లు కూడా రావచ్చు. కాంబే ముక్కను స్పిరిట్‌తో తుడవడం, అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేయడం వద్దు. చీకటిగా, చల్లగా ఉండే చోట దాచండి. వెలుతురు, గాలి తగిలేకొద్దీ పైన సన్నని పగుళ్లు లేస్తాయి.

కచ్చితంగా తేలాలంటే ల్యాబే. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటానికి ఒకటి రెండు మిల్లీగ్రాముల పొడి చాలు. బాల్టిక్ అయితే వర్ణపటంలో 1250 నుంచి 1175 cm⁻¹ మధ్య గీత భుజంలా చదునుగా కనిపిస్తుంది, కాంబేలో ఆ భుజం ఉండదు. గ్యాస్ క్రొమటోగ్రఫీ మాస్ స్పెక్ట్రోమెట్రీలో కాడలీన్, బైకాడినేన్ అనే పదార్థాలు కనిపిస్తే డిప్టెరోకార్ప్ అని నమ్మొచ్చు.

ఇదంతా చెట్టునే చెబుతుంది, వయసును కాదు. కార్బన్-14 సుమారు 50 వేల ఏళ్లు దాటితే పనిచేయదు. వయసు తేల్చేది ఆంబర్ దొరికిన పొర, అందులోని నుమ్ములైట్స్ లాంటి సముద్ర శిలాజాలు. కాబట్టి ఆ ముక్కకు నల్లగా లిగ్నైట్ అంటుకుని ఉంటే గీకేయకండి. ఇచ్చినవాళ్లను గని పేరు, ఏ పొర, ఏ తేదీ అని అడిగి, చీటీ రాసి ముక్కతో పాటే డబ్బీలో పెట్టండి.