అట్లకాడతో తినే ఊరు

చి. అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. హిరోషిమా విశ్వవిద్యాలయంలో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఆ ఊరి ఇనుప పెనాల చప్పుడే చెవుల్లో మోగుతోంది. బ్యాంకు ఖాతా గురించీ అద్దె ఇంటి గురించీ చెప్పేవాళ్ళు నీకు చాలామంది దొరుకుతారు. తొమ్మిదేళ్ళు అక్కడ ఉద్యోగం చేసినవాడిని, నేను తిండి గురించే రాస్తాను.

నీ క్యాంపస్ ఉన్నది నగరంలో కాదు, సైజో దగ్గర. అక్కడి నుంచి హిరోషిమాకు రైల్లో నలభై నిమిషాలు పడుతుంది. అంటే నగరానికి వెళ్ళేది సెలవు రోజుల్లోనే. ఏమీ తినకుండా వెళ్ళు.

మొదటి ఆదివారం ఒకొనొమియాకికే, అంటే పెనం మీద పొరలు పేర్చి కాల్చే ఆ ఊరి అట్టుకే. హచ్చోబొరిలో ట్రామ్ దిగి కాస్త నడిస్తే ఒకొనొమిమురా అనే భవనం వస్తుంది. మూడు అంతస్తుల్లో ఇరవైకి పైగా చిన్న చిన్న దుకాణాలు. ఏది మంచిదని నన్ను అడగకు, తొమ్మిదేళ్ళలో నేనే తేల్చుకోలేకపోయాను. పెనానికి ఎదురుగా చోటు దొరికితే చాలు, కూర్చో. 'నికు తమ సోబా' అను. పంది మాంసం, గుడ్డు, నూడుల్స్ అని అర్థం.

ముందు పలుచగా దోసె పోస్తారు. దాని మీద గుప్పెళ్ళ కొద్దీ క్యాబేజీ తరుగు, మొలకలు, మాంసపు ముక్కలు పేర్చి మొత్తాన్ని ఒక్కసారి తిరగేస్తారు. క్యాబేజీ ఆ దోసె కింద తన ఆవిరికి తానే మగ్గుతుంది. పక్కన వేగిన నూడుల్స్ మీదికి దాన్ని ఎత్తి, ఆ తరువాత పెనం మీద గుడ్డు పరిచి మొత్తాన్ని దాని మీదికి చేరుస్తారు. పెసరట్టులో ఉప్మా పెట్టే జాతికి ఇది వింతేమీ కాదు. పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, తొందరపెట్టకు. పళ్ళెం అడగకు. 'హెరా' అని చిన్న అట్లకాడ ఇస్తారు, దానితోనే కోసుకుని పెనం మీది నుంచి తినాలి. పైన పూసే సాసు తియ్యగా ఉంటుంది. మొదటిసారి నాకు బెల్లం పులుసులా అనిపించింది, మూడోసారికి అలవాటైంది. ఇంకొక సంగతి: 'హిరోషిమా యాకి' అనకు. అన్నీ కలిపి పోసే ఒసాకా వాళ్ళదే అసలుదైనట్టు, తమది ఏదో రకమైనట్టు ఉంటుందని అక్కడివాళ్ళకు ఆ పేరు నచ్చదు. ఒకసారి నేను అంటే వంటామె అట్లకాడ ఎత్తి మరీ సరిదిద్దింది.

యుద్ధానికి ముందు ఇది పిల్లలు కొనుక్కునే చిరుతిండి. 1945లో అణుబాంబు పడ్డాక బియ్యం కరువై, అమెరికా నుంచి వచ్చిన గోధుమపిండితో పెద్దల కడుపు నింపే తిండిగా మారింది. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళు చాలామంది ఇంటి ముందు పెనం పెట్టుకుని బతికారని, అందుకే ఎన్నో దుకాణాల పేర్ల చివర, ఆడవాళ్ళను చనువుగా పిలిచేటప్పుడు చేర్చే 'చాన్' ఉంటుందని అంటారు. అది తెలిశాక ఆ పెనం ముందు కూర్చోవడమే వేరుగా ఉంటుంది.

మీ అమ్మ చూడటానికి వస్తే చిక్కే. మాంసం వద్దంటే సరిపోదు. పిండిమీద చేపల పొడి చల్లుతారు, సాసులో కూడా మాంసపు సారం ఉంటుంది. శాంతి ఉద్యానవనం దగ్గరి నగతయాకు తీసుకువెళ్ళు, అక్కడ శాకాహారులకు విడిగా చేసి పెడతారు. వరుస పెద్దదే, ఓపిక పట్టమను.

మియజిమ దీవికి వెళ్ళే రోజు పడవ ఎక్కే ముందే తినేయి. రేవు దగ్గర ఉఎనో అనే దుకాణం 1901 నుంచి సముద్రపు మలుగు చేప అన్నం పెడుతోంది. చేప ఎముకల రసంలోనే అన్నం వండుతారు. నన్నడిగితే లోపల వరుసలో నిలబడేకన్నా చెక్కపెట్టెలో కట్టించుకోవడమే మేలు. చల్లారాకే దాని రుచి నిలదొక్కుకుంటుంది. దీవిలో మాపుల్ ఆకు ఆకారపు తీపి పిండివంట మొమిజి మంజు వేడిగా, నూనెలో వేయించింది ఒకటి తిను. సాయంత్రం ఐదు దాటితే దుకాణాలు మూస్తారు.

ఆల్చిప్పలకు చలికాలం రావాలి. జనవరి, ఫిబ్రవరిలో బాగా కండ పడతాయి. జపాన్‌లో సాగయ్యేవాటిలో సగానికి పైగా ఈ తీరానివే, పడవలోంచి చూస్తే వాటిని పెంచే తెప్పలు కనిపిస్తాయి. వాటి పేరు 'కకి'. మీ అత్తయ్య 'కాకి' అని విని బల్ల ముందు నుంచి లేచిపోయింది. కాల్చినవి ముందు తిను. తరువాత దొతెనాబె: కుండ అంచు లోపల మీసో అనే పులియబెట్టిన సోయా ముద్దను చెరువు గట్టులా పూసి, కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ ఉడికిస్తారు.

కారం మీద మనసైతే చల్లని నూడుల్స్‌ను మిరప, నువ్వుల రసంలో ముంచుకునే త్సుకెమెన్ ఉంది. పులుసు లేని తన్‌తన్‌మెన్ నూడుల్స్ కూడా ఉన్నాయి, కానీ అందులోని సిచువాన్ మిరియం మన మిరియంలా కారం పుట్టించదు, నాలుక తిమ్మిరెక్కిస్తుంది. నాకు అంతగా నచ్చలేదు.

ఇక నీ సైజో. స్టేషన్ చుట్టూ ఎర్ర ఇటుక పొగగొట్టాలున్నవి సాకె అనే బియ్యపు మద్యం తయారయ్యే చోట్లు. ఆ పనివాళ్ళు తమ కోసం వండుకున్న బిషునాబె అనే కుండ కూర చలిలో తినాలి: కోడి, పంది మాంసం, కూరగాయలు, ఉప్పు, మిరియాలు, సాకె, అంతే. ఉడికేటప్పుడే మత్తు ఆవిరైపోతుందట. మీ అమ్మ అడిగితే ఈ మాటే చెప్పు.

ఇట్లు,
మామయ్య