‘లెక్లిస్సే’ చివర్లో ఇద్దరూ రాకపోవడం ఏంటి?

మీ ప్రశ్న ఇదే కదా: ఆంటోనియోని తీసిన ఈ ఇటాలియన్ సినిమాలో, రాత్రి ఎనిమిదింటికి ఎప్పుడూ కలిసే చోటే కలుద్దామనుకున్న ప్రేమికులు విట్టోరియా, పియెరో ఇద్దరూ రారు, చివరి ఏడు నిమిషాలూ ఖాళీ వీధులే చూపిస్తారు, అంటే విడిపోయినట్టా? ఒకరు రాలేదంటే సరే, ఇద్దరూ ఒకేసారి రాకపోవడం నమ్మేలా లేదు అన్నారు.

మొదటిసారి చూసినప్పుడు నేనైతే ఫైల్ పాడైందనుకున్నాను. తెర మీద విట్టోరియాగా వేసిన మోనికా వీట్టి లేదు, పియెరోగా వేసిన అలేన్ డెలాన్ లేడు, మాటల్లేవు. ముందుకు జరిపి చూస్తే అవే వీధులు.

రెండోసారి తెలిసింది, అవన్నీ వాళ్లు తిరిగిన చోట్లేనని. కట్టడం సగంలో ఆగిన ఇల్లు, రోడ్డు దాటిన తెల్లచారలు, మూలన నీళ్ల పీపా. అంతకుముందు ఆ పీపాలో ఆమె ఒక చెక్కముక్క పడేస్తుంది, తర్వాత అతను అగ్గిపుల్లల అట్ట పడేస్తాడు. చివర్లో ఆ రెండూ నీళ్లలో తేలుతూనే ఉంటాయి, పీపా మాత్రం కారిపోతుంటుంది. ఎవరూ వంపలేదు. నీళ్లు వాటంతటవే నేల మీదుగా పారిపోతుంటాయి. నా లెక్కలో ముగింపు అంతా అక్కడే ఉంది. అన్నట్టు, ఈ వీధులున్న రోమ్‌లోని ఎఉర్ పేటది కూడా ఇలాంటి కథే. 1942లో జరగాల్సిన ప్రపంచ ప్రదర్శన కోసం ముసోలినీ హయాంలో కట్టడం మొదలుపెట్టారు. యుద్ధం వచ్చింది, ప్రదర్శన జరగనే లేదు.

బస్సు దిగిన మనిషి చేతిలోని పత్రికలో అణ్వాయుధాల పోటీ గురించిన శీర్షిక కనిపిస్తుంది, చివరి షాట్‌లో వీధి దీపం కళ్లు చెదిరేలా వెలుగుతుంది. అది బాంబుకి సంకేతమని చాలామంది అంటారు. 1962 నాటి సినిమా కాబట్టి కాదనలేను. కానీ నన్ను కదిలించింది అది కాదు. వెనక నుంచి ఒక బంగారు రంగు జుట్టు కనబడగానే ‘వచ్చేసింది’ అనుకుంటాం. ఆమె ఇటు తిరుగుతుంది, ఎవరో. ఆ క్షణంలో ఎదురుచూస్తున్నది మనమే.

అసలు ఆఖరిసారి కలిసినప్పుడే చూడండి. రేపు కలుద్దాం, ఎల్లుండి, ఆ తర్వాతి రోజు కూడా అని లెక్కపెట్టుకుంటారు. ఆ మాటలయ్యాక ఇద్దరి మొహాల్లోనూ సంతోషం ఉండదు. ఆమె వెళ్లిపోయాక పియెరో పక్కన తీసిపెట్టిన ఫోన్ రిసీవర్లను ఒక్కొక్కటే యథాస్థానంలో పెడతాడు. అవి మోగడం మొదలుపెడతాయి, వెంటనే ఎత్తడు.

ఇక నమ్మకం సంగతి. పదిహేనేళ్ల కిందట హైదరాబాద్‌లో నేనూ ఒకమ్మాయీ రోజూ ఆఫీసయ్యాక ఒక జ్యూస్ షాపు దగ్గర కలిసేవాళ్లం. గొడవల్లేవు, ఏమీ లేవు. ఒకరోజు మాత్రం నాకు వెళ్లబుద్ధి కాలేదు. ఫోన్ వస్తుందేమోనని టెన్షన్ పడ్డాను, రాలేదు. అలిగిందనుకున్నాను. మర్నాడు తలనొప్పి అని ఒక సాకు తయారుచేసుకుని అరగంట ముందే వెళ్లాను. షాపతను బత్తాయిలు కోస్తూ, ‘‘ఏం సార్, నిన్న ఇద్దరూ రాలేదు?’’ అన్నాడు.

ఆ సాకు ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.