మంచె మీద చలి, ఒంటి మీద ఉన్ని

ప్రశ్న: నమస్కారమండీ. లైసెన్సు తీసుకుని ఈ చలికాలం మొదటిసారి జింకల వేటకు వెళ్తున్నాను. అనుభవం ఉన్న మిత్రుడొకడు వెంట ఉంటాడు. తెల్లవారకముందే గంటన్నర ఎగువకు నడవాలట. ఆ తర్వాత నాలుగు గంటలు మంచె మీద కదలకుండా కూర్చోవాలట. చలి మైనస్ 5 నుంచి మైనస్ 12 డిగ్రీల మధ్య ఉంటుందన్నాడు. లోపల మెరినో ఉన్ని, అంటే మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్ని, వేసుకోమన్నాడు. కొనబోతే 150, 200, 260 అని రకరకాల అంకెలు కనిపిస్తున్నాయి. అన్నిటికంటే మందమైనది ఒక జత తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు బాబూ. మీరు చెప్పిన నడకకు ఆ మందపాటి జతే మిమ్మల్ని గడ్డకట్టిస్తుంది. ఎందుకో చెప్పడానికి నాకు ఎంతో బాధ మిగిల్చిన ఒక రోజు గురించి చెప్పాలి.

మా నాన్న వెంట వేటకు వెళ్లడం మొదలుపెట్టిన మూడో ఏడు అది. కొత్తగా కొన్న మందపాటి ఉన్ని లోచొక్కా, దాని మీద స్వెట్టరు, ఆపైన జాకెట్టు వేసుకుని మెడదాకా జిప్పు లాక్కుని బయల్దేరాను. మొదట హాయిగానే ఉంది. సగం దారి ఎక్కేసరికి వెన్ను తడిసింది. మంచె ఎక్కిన ముప్పావుగంటకు ఆ తడి చల్లబడింది. రెండో గంటకు పళ్లు టకటకలాడుతున్నాయి. అప్పుడే మగజింక వచ్చి, తేలిగ్గా కొట్టగలిగే దూరంలో పక్కకు తిరిగి నిలబడింది. తుపాకీ ఎత్తితే గురి దాని భుజం మీద నిలవడం లేదు, నాతోపాటే వణుకుతోంది. దించేయాల్సింది. దించలేదు. గుండు వెనక్కి పోయి పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ నడిచాం. దొరకలేదు. ఆ రాత్రి గుడారంలో నాన్న ఒక్క మాట కూడా అనకుండా నా లోచొక్కా తీసుకుని పిండారు. నీళ్లు కారాయి. జింక మర్నాడు పొద్దున గానీ కనిపించలేదు. ఆ రాత్రంతా అది ఎంత బాధ పడిందో ఇప్పటికీ తలుచుకుంటాను.

అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను బట్ట గురించి కంటే ముందు చెమట గురించి మాట్లాడతాను. మీ వేటలో ఉన్నవి రెండు వేర్వేరు పనులు. నడిచేటప్పుడు ఒళ్లు పొయ్యిలా మండుతుంది. కూర్చున్నాక ఆ మంట ఆరిపోతుంది. ఒకే చొక్కా రెండిటికీ పనికిరాదు.

మీరు చూసిన అంకెలు చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతాయి. 150 పల్చనిది, 200 మధ్యరకం, 250 దాటితే మందం. బట్ట మందంగా ఉంటే వెచ్చదనం ఎక్కువే, కాకపోతే అది పట్టుకునే తడీ ఎక్కువే. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడోవంతు తేమను ఆవిరి రూపంలో లోపలికి పీల్చుకున్నా చేతికి తడి తగలదు. పాలియెస్టర్ పోగు ఒక శాతం కూడా పీల్చుకోదు. తేమను పీల్చుకునేటప్పుడు ఉన్ని కొంచెం వేడిని కూడా వదులుతుంది. అమ్మేవాళ్లు ఇంతవరకే చెబుతారు. పోగు నిండిపోయాక ఆ వేడి ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఉన్ని కూడా తడిబట్టే, పైగా పాలియెస్టర్ కంటే నిదానంగా ఆరుతుంది. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. తడిసిన మందపాటి చొక్కాతో మంచె మీద కూర్చుంటే మీ ఒంటి వేడంతా దాన్ని ఆరబెట్టడానికే ఖర్చవుతుంది.

కాబట్టి 150 రకం లోచొక్కాలు రెండు కొనండి, వాటి మీదికి 250 లేక 260ది ఒకటి తీసుకోండి. మొదటి పల్చటి చొక్కాతో, దాని మీద గాలి ఆపే పల్చటి పొర ఒక్కదానితో నడవండి. బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తుంది, వేయాలి కూడా. పది నిమిషాలు నడిచాక ఆ చలి పోతుంది. జాకెట్టు సంచిలోనే ఉండనివ్వండి. నుదుట చెమట పడుతున్నట్టు అనిపిస్తే టోపీ తీసేయండి. అప్పటికీ తగ్గకపోతే అడుగు వేగం తగ్గించండి. మంచె ఇంకో రెండు వందల అడుగులుందనగా ఆగి, ఊపిరి కుదుటపడనిచ్చి, తడిసిన చొక్కా విప్పేసి పొడిది వేసుకోండి. దాని మీద మందపాటిది, ఆపైన జాకెట్టు. మైనస్ 10లో ఒంటి మీద చొక్కా లేకుండా ఒక్క నిమిషం నిలబడటమంటే ఎవరికైనా గుండె జల్లుమంటుంది. ఆ ఒక్క నిమిషం ఓర్చుకుంటే తర్వాతి నాలుగు గంటలు నిలకడగా కూర్చుంటారు. ఈ ఒక్క పనీ చేస్తే చాలు, మిగతా సలహాలన్నీ మరిచిపోయినా నేనేమీ అనుకోను.

విపరీతంగా చెమట పట్టే ఒళ్లయితే నడకకు వలలా అల్లిన లోచొక్కా చూడండి. 1933లో నార్వేలో హెన్రిక్ బ్రున్ అనే సైనికాధికారి చేపల వలలతోనే దాన్ని మొదట తయారుచేశారు. పెద్ద పెద్ద కన్నాల్లో గాలి నిలుస్తుంది, తడి పై పొరలోకి పోతుంది, ఒంటికి ఆనే బట్టే తక్కువ. చూడ్డానికి వింతగా ఉన్నా పని మాత్రం గట్టిగా చేస్తుంది.

కాళ్లకు 200 రకం లోప్యాంటు చాలు. కాకపోతే మోకాలికి కాస్త కింద ఆగిపోయే ముప్పాతిక పొడవుది తీసుకోండి. నిండు పొడవుదైతే మేజోడు, బూటు అంచు, ప్యాంటు చివర మూడూ ఒకేచోట మడతలు పడి పిక్కను బిగిస్తాయి. రక్తం సరిగా దిగకపోతే ఎంత మంచి మేజోడు వేసినా పాదం చల్లబడుతుంది. అదే కారణంతో మేజోళ్లు రెండు జతలు కూరి వేసుకోవద్దు.

చాలామంది పైనుంచి కిందిదాకా ఉన్ని వేసుకుని, అన్నిటికంటే లోపల నూలు డ్రాయరు వేసుకుంటారు. నూలు తాగిన నీళ్లు వదలదు. కూర్చునే చోటే తడి నిలుస్తుంది. దాన్ని కూడా మార్చండి.

లోచొక్కా ఒంటికి ఆనుకుని ఉండాలి, బిగించకూడదు. చేతులు పైకెత్తి చూడండి, నడుము బయటపడితే పొట్టిదని అర్థం. తుపాకీ మడమ ఆనే భుజం మీద కుట్టు ఉందేమో చూసుకోండి. చదునైన కుట్టు, అదీ భుజం మీద నుంచి ముందుకో వెనక్కో జరిపి వేసినదైతే మంచిది. పైన వేసే మందపాటి చొక్కాకు మెడ దగ్గర జిప్పు ఉంటే, నడకలో అదనపు పొర కావలసి వచ్చినా వేడిని బయటికి పంపవచ్చు.

ఇంత చేసినా ఒక్కోరోజు వణుకు వస్తుంది. గురి నిలవకపోతే తుపాకీ దించండి. వేళ్లు బొత్తాం పెట్టుకోలేనంత మొద్దుబారితే గుండ్లు తీసేసి, మిత్రుడికి చెప్పి, కిందికి దిగి నడవండి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పోతే ఆలోచన కూడా మందగిస్తుంది. ఆ స్థితిలో తీసుకునే నిర్ణయం జింకకూ మంచిది కాదు, పక్కనున్న మనిషికీ మంచిది కాదు.

ప్రశ్న: అమ్మా, నేను విల్లుతో వేటాడతాను. ఉన్ని నాకు గుచ్చుకుంటుంది. ధైర్యం చేసి పోయిన ఏడు పల్చటి మెరినో కొంటే గుచ్చుకోలేదు గానీ, సీజను ముగిసేలోపే భుజాల దగ్గర చిల్లులు పడ్డాయి. నైలాన్ కలిసినది తీసుకుంటే ఉన్ని గుణం పోతుందా?

జవాబు: పోదమ్మా. మీ పనికి అదే సరైనది. 150 బట్ట నూటికి నూరు పాళ్లు ఉన్నిదైతే, సంచి పట్టీ రుద్దే భుజం దగ్గరా నడుం దగ్గరా ముందు అరుగుతుంది. ఉన్ని తడిసినప్పుడు బలం తగ్గుతుంది, చెమట పట్టేది కూడా అక్కడే. సన్నటి నైలాన్ పోగు చుట్టూ మెరినోను చుట్టి నేసిన రకం ఉంటుంది. నైలాన్ లోపల దాక్కుంటుంది, చర్మానికి తగిలేది ఉన్నే. నైలాన్ 10 నుంచి 15 శాతం ఉంటే నాకు అభ్యంతరం లేదు. నావి అన్నీ అలాంటివే.

గుచ్చుకోవడానికి కారణం పోగు లావు. సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాటిన పోగు కొస చర్మాన్ని తాకి వంగిపోదు, పొడుస్తుంది. సన్నదైతే వంగుతుంది. మీకు సున్నితం కాబట్టి 18.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఆ అంకె చెప్పని బట్టను నేనైతే కొనను.

చేతుల విషయంలో మీరు తుపాకీవాళ్ల కంటే జాగ్రత్తగా ఉండాలి. విల్లు పట్టిన చేతికి వేసిన పొరలన్నీ వదులుగా ఉంటే నారి వచ్చి బట్టకు తగులుతుంది. అన్ని పొరలూ వేసుకునే ఇంటి దగ్గర సాధన చేసి చూసుకోండి.

మీరు అడగకపోయినా ఇంకొక మాట. మెరినో గొర్రెల తోక చుట్టూ చర్మం ముడతలుగా ఉంటుంది. అక్కడ ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పట్టకుండా కొన్నిచోట్ల ఆ చర్మాన్ని కోసేస్తారు. దీన్ని మ్యూల్సింగ్ అంటారు. న్యూజిలాండ్ 2018లో దీన్ని నిషేధించింది. కొనేటప్పుడు మ్యూల్సింగ్ లేని ఉన్నేనా అని అడగండి. వేటలో ప్రాణి బాధపడకూడదని అంత జాగ్రత్తగా బాణం వేసేవాళ్లం, ఒంటి మీద బట్ట కోసం ఇంకో ప్రాణిని బాధపెట్టడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: మెరినో వాసన పట్టదంటారు. అలాంటప్పుడు వేటకు ముందు ఉతకకుండా వేసుకుంటే జింక పసిగట్టదా? ఉతకాల్సి వస్తే ఎలా?

జవాబు: వాసన తక్కువ పడుతుందనేది నిజం. చెమట నుంచి వచ్చే వాసనను పోగు తనలోపలే పట్టి ఉంచుతుంది. నాలుగైదు రోజులు వరసగా వేసుకున్నా పక్కవాడు ముక్కు మూసుకోడు. జింక ముక్కు వేరు. ఏ బట్టా మనిషిని దాని దగ్గర దాచలేదు. గాలి మీ మీదుగా దాని వైపు వీస్తుంటే మంచె మార్చాల్సిందే.

ఉతికేటప్పుడు ఉన్ని కోసం చేసిన, సువాసన లేని ద్రవమే వాడండి. మామూలు సబ్బుపొడుల్లో మాంసకృత్తుల మరకలను కరిగించే ఎంజైములుంటాయి. ఉన్ని కూడా మాంసకృత్తే కాబట్టి అవి దాన్నీ తినేస్తాయి. తెల్లగా మెరిపించే పొడులు ఇంకో విధంగా చెరుపు. అవి మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని నీలి మెరుపుగా మారుస్తాయి, ఆ మెరుపు జింక కంటికి బాగా తెలుస్తుంది. కాలరు, చేతి అంచులు బయటికి కనిపిస్తాయని మరిచిపోవద్దు. నీళ్లు 30 డిగ్రీలు దాటనివ్వకండి. బట్ట మెత్తబరిచే ద్రవాలు పోయకండి. మెలిపెట్టి పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తి, చదునుగా పరిచి ఆరబెట్టండి. తడి ఉన్నిని తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది.

సీజను అయ్యాక ఉతకకుండా దాచకండి. చిమ్మెట పిల్లలకు చెమట అంటిన ఉన్ని అంటే మహా ఇష్టం. ఇప్పటికే చిన్న చిన్న కన్నాలు కనిపిస్తే గాలి చొరని సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఆ తర్వాత అదే సంచితో అలమారలో పెట్టేయండి.