ప్లాటినం రాళ్ల వయసు కట్టే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ చివరి ఏడాది చదువుతోంది. ప్లాటినం దొరికే పురాతన శిలల వయసు తేల్చే పరిశోధన చేస్తానంటోంది. రాయి వయసు తెలిస్తే ఎవరికి ఉపయోగం? మైనింగ్ కంపెనీలో చేరితే త్వరగా స్థిరపడుతుంది కదా అని మా టెన్షన్.

జవాబు: ఈ పని చేసేవారిని జియోక్రోనాలజిస్టులు అంటారు. ఆ పేరుతో ఉద్యోగాలు తక్కువే, ఆ సంగతి ముందే చెప్పాలి. యూనివర్సిటీలు, ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థలు, కొన్ని ప్రైవేటు ల్యాబులు మాత్రమే నేరుగా తీసుకుంటాయి. అయినా మీ అమ్మాయిని ఆపమని నేను చెప్పను.

వయసు ఎందుకంటారా? ప్రపంచంలో తెలిసిన ప్లాటినం నిల్వల్లో సింహభాగం దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ అనే భారీ శిలాసముదాయంలో ఉంది. అక్కడ శిలాద్రవం భూమి లోపలే చల్లారి, పొరలు పొరలుగా గట్టిపడి, కిలోమీటర్ల మందాన పేరుకుంది. అందులో ప్లాటినం ఉండే మెరెన్‌స్కీ రీఫ్ అనే పొర మందం చాలాచోట్ల మీటరుకు అటూ ఇటూ. 1924లో ఆ పొర ఉనికి బయటపడింది, అదెలా ఏర్పడిందన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. కింది పొర ముందు, పై పొర తర్వాత గట్టిపడి ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. ఇటీవలి వయసు కొలతల్లో మాత్రం, పైనున్న రాయి కన్నా కిందున్న రీఫే తర్వాత పుట్టినట్టు కొందరికి కనిపించింది. అంటే, అప్పటికే ఉన్న పొరల మధ్యకు కొత్త శిలాద్రవం చొరబడి ఉండాలి. అందరూ దీన్ని ఒప్పుకోలేదు. కానీ ఇది తేలితే ఇలాంటి ఖనిజం కోసం ఎక్కడ వెతకాలన్న ఆలోచనే మారిపోతుంది. మైనింగ్ కంపెనీకి కావలసిందీ అదే.

బుష్‌వెల్డ్ వయసు సుమారు 205.5 కోట్ల ఏళ్లు. ప్లాటినం దొరికే ఇలాంటి శిలలే మరో రెండు చోట్ల ఉన్నాయి: అమెరికాలోని స్టిల్‌వాటర్‌ది దాదాపు 271 కోట్లు, జింబాబ్వే గ్రేట్ డైక్‌ది 257 కోట్ల పైచిలుకు. ఇంత పాత రాళ్లలో కొన్ని లక్షల ఏళ్ల తేడాను కూడా ఈరోజు పట్టుకోగలుగుతున్నారు. అందుకు ఆధారం జిర్కాన్, బ్యాడెలియైట్ అనే చిన్న స్ఫటికాలు. సిలికా తక్కువున్న ఇలాంటి శిలల్లో అవి అరుదు. స్ఫటికాల సందుల్లో చివరికి మిగిలిన ద్రవంలోనే ఏర్పడతాయి. వాటిలోని యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది. యురేనియం-238లో సగం అలా మారడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు 70 కోట్ల ఏళ్లు. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు ఉన్నట్టే, ఒకదాని తప్పు ఇంకోటి పట్టిస్తుంది.

మీ అమ్మాయి ఆలోచించుకోవాల్సింది ఇక్కడే. కొండలెక్కి రాయి తేవడం ఈ పనిలో చిన్న భాగం. రాయిని పొడి చేయాలి, బరువైన రేణువులను వేరు చేయాలి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్క స్ఫటికాన్నీ ఏరాలి. పాడైన భాగాన్ని ఆమ్లంతో తొలగించి, మిగిలింది కరిగించి, పరమాణువులను బరువును బట్టి వేరు చేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలవాలి. గాల్లోంచి రవ్వంత సీసం కలిసినా ఫలితం చెడుతుంది, అందుకే క్లీన్ రూమ్‌లో గంటలకొద్దీ గడపాలి. నెలల కష్టం తర్వాత పనికొచ్చే స్ఫటికాలు దొరక్కపోవచ్చు కూడా. బయట తిరిగే ఫీల్డు పనంటేనే ఇష్టమైతే ఖనిజాన్వేషణే ఆమెకు నప్పుతుంది. అయితే ఆ ఉద్యోగాలు లోహాల ధరలతోపాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, కాబట్టి అది పూర్తి భద్రమైన దారి అనుకోకండి.

ల్యాబు పనే నచ్చితే, ఎమ్మెస్సీలో జియోకెమిస్ట్రీ (రాళ్ల రసాయనశాస్త్రం), ఇగ్నియస్ పెట్రాలజీ (శిలాద్రవం గట్టిపడి ఏర్పడిన రాళ్ల చదువు) గట్టిగా చదవాలి. గణాంకాలు, కొంచెం ప్రోగ్రామింగ్ తప్పనిసరి, ఎందుకంటే వయసు ఎంత ముఖ్యమో దాని పక్కన రాసే ప్లస్-మైనస్, అంటే ఎంత తేడా ఉండొచ్చన్న లెక్క కూడా అంతే ముఖ్యం. మాస్ స్పెక్ట్రోమీటర్ నడపడం వచ్చినవారికి నీటి పరీక్షలు, పర్యావరణం, అణు రంగం, ఖనిజ విశ్లేషణ ల్యాబుల్లోనూ చోటుంది. ఉద్యోగం విషయంలో నా ధైర్యం ఇదే.

పీహెచ్‌డీకి యూనివర్సిటీ పేరు చూసి వెళ్లొద్దు. ఆ ల్యాబులో యంత్రం నడుస్తోందా, విద్యార్థి చేతికి ఇస్తారా, గైడ్ దగ్గర చదివినవారు ఇప్పుడెక్కడున్నారు అని అడిగి తెలుసుకోవాలి. స్టైపెండ్ లేని సీటుకు అప్పు చేసి మాత్రం పంపకండి. ముందు ఈ సెలవుల్లో ఇలా రాళ్ల వయసు కొలిచే ఏదైనా ఐసోటోప్ ల్యాబులో ఇంటర్న్‌షిప్‌కు రాయమనండి. స్ఫటికాలు ఏరే పని కొన్ని వారాలు చేశాక ఆమె ఏమంటుందో విని, మైనింగా పరిశోధనా అన్నది అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి.