నోట్సులో మనుషులున్నారు, థీసిస్‌లో లేరు

ప్రశ్న: ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌ని. వాళ్లు ఊళ్లో చూసింది నోటితో చెబితే గంటసేపు వినాలనిపిస్తుంది, అదే థీసిస్‌లో చాప్టర్‌గా రాస్తే రెండు పేజీలు మించి చదవలేను. ఏం చేయాలి?

జవాబు: మొదటి ఏడాదంతా లిటరేచర్ రివ్యూ (ఇదివరకటి పరిశోధనల సమీక్ష) రాయించి, తర్వాత సొంత గొంతు ఏదమ్మా అంటే ఎక్కడి నుంచి వస్తుంది సార్? వాళ్లకు మన దేశపు ఆంత్రోపాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ సంగతి చెప్పండి. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న చోట ఎవరో నిప్పు పెట్టడంతో, మైసూరు ప్రాంతంలోని రాంపుర (ఆయన ఆ ఊరికి పెట్టిన పేరు) మీద ఆయన ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు కాలిపోయింది, దాంతో చాలావరకు జ్ఞాపకం మీదే రాశారు, 1976లో వచ్చిన ఆ పుస్తకం 'ది రిమెంబర్డ్ విలేజ్'లో గ్రామపెద్దలు, వాళ్ల పంతాలు, వాళ్ల మాటతీరు అన్నీ కనిపిస్తాయి. (నోట్సు తగలబెట్టమనడం లేదు!)

వారానికోసారి నోట్సు మూయించి, ఒకే ఒక్క సంఘటన, ఒక పంచాయితీయో పెళ్లి చూపులో, పేజీలో రాయించండి. రాసింది క్లాసులో పైకి చదవాలి. తోటివాళ్లు ఎక్కడ ఫోన్ తీస్తారో అక్కడ కొట్టేయాలి. తర్వాతే నోట్సు తెరిచి తప్పులు సరిచూసుకోవాలి. 'బంధుత్వ వ్యవస్థ బలంగా ఉంది' అని రాస్తే ఒప్పుకోకండి, మేనమామ లేకుండా ఆ ఇంట్లో ఏ పని ఆగిపోయిందో అడగండి. థియరీ ఆ తర్వాత, అదీ అవసరమైనంతే.