సి భాషలో స్టర్‌ఎన్‌కాపీ (strncpy) వాడినా చివర చెత్త అక్షరాలు ఎందుకు వస్తాయి?

8 బైట్ల బఫర్‌లోకి, అంటే అక్షరాలు దాచే మెమరీ చోటులోకి, మాటలను కాపీ చేసే స్టర్‌ఎన్‌కాపీ ఫంక్షన్‌తో, పరిమితి కూడా 8 అనే ఇచ్చి ‘కంప్యూటర్’ అనే ఇంగ్లిషు మాటను కాపీ చేశారు. ఆ మాటకు సరిగ్గా 8 అక్షరాలు. అవి బఫర్‌ను నింపేశాక మాట ఎక్కడ ఆగుతుందో చెప్పే ముగింపు సున్నాకు చోటు మిగలలేదు. ఈ ఫంక్షన్ దాన్ని చేర్చదు, పోనీ హెచ్చరించనూ హెచ్చరించదు. ఇక మాటను తెరపై చూపే ప్రింట్‌ఎఫ్ (printf) ఎక్కడో ఒక సున్నా తగిలేదాకా పక్క మెమరీని చదువుకుంటూ పోతుంది. నిజానికి స్టర్‌ఎన్‌కాపీ తొలినాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 14 బైట్ల ఫైలు పేర్ల వంటి స్థిరమైన పొడవున్న గడులకు తగినది. ‘సురక్షితం’ అన్న బిరుదు తర్వాత అంటగట్టిందే.

దీని బదులు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ (snprintf) వాడండి, ఫార్మాట్‌గా శాతం గుర్తు, ఎస్ ("%s") ఇచ్చి. బఫర్ పరిమాణం సరిగ్గా ఇస్తే ముగింపు సున్నా తప్పక పెడుతుంది. అది తిరిగి ఇచ్చే సంఖ్య 8 లేదా అంతకంటే ఎక్కువైతే, మాట మధ్యలో తెగిందన్నమాట.